పెట్టెలు కొనే ముందు న్యూట్రల్ సంగతి చూడండి

ఇంట్లో ఏదైనా కాలిపోగానే మన చూపు పెట్టెల మీదకి వెళ్తుంది. టీవీ పోతే కొత్త టీవీతోపాటు ఒక స్పైక్ గార్డ్, ఫ్రిజ్ పోతే స్టెబిలైజర్, కంప్యూటర్ పోతే యూపీఎస్. పెట్టె గోడకి బిగించి, దాని మీద పచ్చ లైటు వెలగడం చూశాక టెన్షన్ తగ్గుతుంది. ఇక ఫర్వాలేదు అనుకుంటాం. ఆ నిశ్చింత మీదే నా అభ్యంతరం. పెట్టెలు పనికిరావని నేను అనడం లేదు. ఒక్కో పెట్టె ఒక్కో రకం గండాన్ని మాత్రమే ఆపగలదు. ఇంట్లో వస్తువులన్నిటినీ గంపగుత్తగా కాల్చేసే గండం మాత్రం వీటిలో చాలావాటికి లొంగదు. అది మెయిన్ ప్యానెల్‌లోనో, స్తంభం మీదో వదులైన ఒక బోల్టు రూపంలో కూర్చుని ఉంటుంది. దాని గురించి అడిగేవాళ్లే తక్కువ.

నేను ఎలక్ట్రీషియన్‌ని కాను. కాలిపోయిన వస్తువుని పారేసే ముందు విప్పి, ఎందుకు పోయిందో చూడటం చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. అది తెలిసి ఇరుగుపొరుగు వాళ్లు కూడా తమ ఇళ్లలో పోయినవి తెచ్చి ఇస్తుంటారు. అలా చూసిన బోర్డులు, తెలిసిన ఎలక్ట్రీషియన్లతో గడిపిన గంటలు కలిసి నాకు ఈ అభిప్రాయం ఏర్పడింది: రక్షణ వస్తువు దగ్గర మొదలవదు, ఇంట్లోకి తీగ వచ్చే చోట మొదలవుతుంది. మనం చేస్తున్నది సరిగ్గా తలకిందులు.

కరెంటు ఇబ్బందులన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ వాటి కారణాలు వేరు. కరెంటు పూర్తిగా పోవడం ఒకటి. వోల్టేజి పడిపోయి, ఫ్యాన్ నీరసంగా తిరుగుతూ గంటల తరబడి అలాగే ఉండటం ఇంకొకటి. వోల్టేజి హఠాత్తుగా పెరిగి, ఆ పెరిగిన చోటే నిలబడిపోవడం మూడోది. నాలుగోది సర్జ్. మైక్రోసెకన్లలో, అంటే సెకనులో పది లక్షల వంతుల్లో కొలవాల్సినంత కొద్ది కాలంలో వేల వోల్టులకి ఎగిరి అంతలోనే దిగిపోయే దెబ్బ అది. ప్రకటనలన్నీ ఈ నాలుగోదాని చుట్టూనే తిరుగుతాయి. నా దగ్గరికి వచ్చిన కాలిపోయిన సామాన్లలో ఎక్కువ భాగం మూడోదాని పని.

ఆ మూడోదానికి అసలు కారణం చాలాసార్లు న్యూట్రల్. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు (కరెంటుని తెచ్చే తీగలు), ఒక న్యూట్రల్ (ఆ కరెంటు తిరిగి వెళ్లే ఉమ్మడి తీగ) బయలుదేరతాయి. 230 వోల్టుల పద్ధతి ఉన్న చోట ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు, ఒక ఫేజుకీ ఇంకో ఫేజుకీ మధ్య 400 వోల్టులు ఉంటాయి. సాధారణంగా ఒక్కో ఇంటికి ఒక ఫేజు, దాంతోపాటు న్యూట్రల్ అందుతాయి. ఆ ఉమ్మడి న్యూట్రల్ ఎక్కడో తెగిందనుకోండి, లేదా జాయింటు కాలిందనుకోండి. వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు అప్పుడు ఒకదాని తరవాత ఒకటి సిరీస్‌లో పడి, మధ్యనున్న 400 వోల్టుల్ని పంచుకుంటాయి. ఆ పంపకంలో న్యాయం ఉండదు.

సులువుగా ఉండటానికి రెండిళ్లనే తీసుకుందాం. ఒక ఇంట్లో 2000 వాట్ల వాటర్ హీటర్ నడుస్తోంది. రెండో ఇంట్లో అన్నీ కలిపి 200 వాట్ల లోడే ఉంది. రెండిటినీ మామూలు రెసిస్టెన్సులుగా తీసుకుని ఓమ్ సూత్రంతో లెక్క వేస్తే, హీటర్ ఉన్న ఇంటికి దాదాపు 36 వోల్టులు, రెండో ఇంటికి దాదాపు 364 వోల్టులు వెళ్తాయి. పొదుపుగా వాడుకుంటున్న ఇల్లే మునుగుతుంది. 120 వోల్టుల దేశాల్లోనూ దీన్నుంచి తప్పించుకోలేం. అక్కడ ఇంటికి రెండు 120 వోల్టుల తీగలు, మధ్యలో న్యూట్రల్ వస్తాయి. ఆ న్యూట్రల్ పోతే ఒక వైపు సున్నాకి దగ్గరగా పడిపోయి, రెండో వైపు 240కి దగ్గరగా ఎగబాకవచ్చు.

364 వోల్టులు వస్తే లోపల ఏమవుతుందో చూడండి. టీవీ, ఛార్జర్, ఇన్వర్టర్ ఎయిర్ కండిషనర్ లాంటి వాటిలో సాకెట్టు నుంచి వచ్చే ఏసీ (దిశ మారుతూ ఉండే) కరెంటుని ముందు డీసీగా (ఒకే దిశలో పారేదిగా) మారుస్తారు. ఆ భాగం పక్కనే డబ్బీలా నిలబడి పెద్ద కెపాసిటర్ (ఛార్జిని నిలవ చేసే భాగం) ఒకటి ఉంటుంది. ఏసీ తరంగం శిఖరం మనం మామూలుగా చెప్పుకునే వోల్టేజికి 1.414 రెట్లు కాబట్టి, 230 వోల్టులప్పుడు ఆ కెపాసిటర్ మీద 325 వోల్టులు పడతాయి. దాని ఒంటి మీద సాధారణంగా 400 అనో 450 అనో రాసి ఉంటుంది. అంతవరకు తట్టుకుంటుంది. 364 వోల్టుల ఏసీ వచ్చినప్పుడు దాని మీద పడేది సుమారు 515.

అలా పోయిన ఒక టీవీ బోర్డు నా బల్ల మీదకి వచ్చింది. కెపాసిటర్ నెత్తి ఉబ్బి, దాని మీదుండే గాడి వెంబడి చీలి, లోపలి కాగితం చుట్ట పీచులా బయటికి తన్నుకొచ్చింది. చుట్టూ పసుపు రంగు జిగురు, ఘాటైన వాసన. పక్కనున్న గాజు ఫ్యూజు లోపలంతా నల్లటి మసి. మామూలు ఓవర్‌లోడుకి పోయిన ఫ్యూజులో తీగ మధ్యలో చిన్న ఖాళీ కనిపిస్తుంది, గాజు శుభ్రంగానే ఉంటుంది. గాజంతా నల్లబడిందంటే చాలా పెద్ద కరెంటు ఒక్కసారిగా దూసుకెళ్లిందని అర్థం. ఆ సాయంత్రం అదే ఇంట్లో రూటర్, కొన్ని ఎల్ఈడీ బల్బులు, ఫోను ఛార్జర్ కూడా పోయాయి. పిడుగు అనుకున్నారు. ఆకాశంలో మబ్బు లేదు. పై అంతస్తు వాళ్లని అడిగితే, సరిగ్గా ఆ సమయానికే తమ లైట్లన్నీ మసకబారాయని చెప్పారు. ఒకరికి ఎక్కువ, ఇంకొకరికి తక్కువ అనగానే కథ తెలిసిపోయింది. అపార్టుమెంటు మెయిన్ ప్యానెల్ తెరిపిస్తే న్యూట్రల్ బోల్టు చుట్టూ తీగ తొడుగు మాడి పెళుసుగా మారి ఉంది. బోల్టుని ఎవరూ ఏళ్లుగా బిగించలేదు.

అదే ఇంట్లో టీవీకి స్పైక్ గార్డ్ ఉంది. మెయిన్ బోర్డులో ఎంసీబీలు (కరెంటు ఎక్కువైతే తమంతట పడిపోయే స్విచ్చులు) కూడా ఉన్నాయి. ఏదీ అక్కరకు రాలేదు. కారణాలు చెప్పాలి, ఎందుకంటే చాలామంది ధైర్యం ఈ రెండిటి మీదే నిలబడి ఉంది.

ఎంసీబీ కాపాడేది తీగల్ని. దాని గుండా వెళ్లే కరెంటు హద్దు దాటితే అది పడిపోతుంది, గోడలోని తీగ వేడెక్కి అంటుకోకుండా ఆపుతుంది. వోల్టేజి ఎంతుందో దానికి తెలియదు. టీవీ లోపల ఏదో పేలి షార్ట్ అయ్యాకే దానికి పని తగులుతుంది. సర్జ్ సంగతికొస్తే ఇంకా స్పష్టం: ఎంసీబీ కదలడానికి మిల్లీసెకన్లు కావాలి, సర్జ్ మైక్రోసెకన్లలో పని ముగించుకుని వెళ్లిపోతుంది. ‘ఎంసీబీలు వేయించాం కదా’ అన్న మాట విన్నప్పుడల్లా నాకు నిజంగా బాధగా ఉంటుంది, అది తప్పుడు భరోసా కాబట్టి.

స్పైక్ గార్డ్ లోపల ఉండేది నీలం రంగులోనో ఎరుపు రంగులోనో ఉన్న చిన్న బిళ్ల. మెటల్ ఆక్సైడ్ వేరిస్టర్ అంటారు, ఎంఓవీ అని పొట్టిగా. జింక్ ఆక్సైడ్ రేణువుల్ని కాల్చి గట్టిపరిచి చేస్తారు. 1960ల చివర్లో జపాన్‌లో మత్సుషిత సంస్థ పరిశోధకులు దీన్ని తయారు చేశారు. మామూలు వోల్టేజి దగ్గర అది దాదాపు కరెంటుని పోనివ్వదు. హద్దు దాటగానే నానోసెకన్లలో దారి తెరిచి, ఎగిరిన వోల్టేజిని అణిచేసి, కరెంటుని పక్కకి మళ్లిస్తుంది. సర్జ్ విషయంలో ఇంతకన్నా చవకైన, ఉపయోగపడే భాగం లేదంటే అతిశయోక్తి కాదు. అయితే అది కొన్ని మైక్రోసెకన్ల పనికోసం పుట్టింది. 275 వోల్టుల వరకు ఎప్పుడూ తట్టుకునేలా చేసిన బిళ్ల మీద 364 వోల్టులు నిమిషాల తరబడి నిలబడితే అది ఆపకుండా కరెంటు లాగి, ఎర్రగా కాలి, పగిలిపోతుంది. మంచి కంపెనీ స్పైక్ గార్డ్‌లో అయితే పక్కనే వేడికి తెగే ఫ్యూజు ఉంటుంది. నాసిరకం వాటిలో ఉండదు. ప్లాస్టిక్ కరిగిన స్పైక్ గార్డ్‌లు చూసినవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. అంటే న్యూట్రల్ తెగిన రోజున స్పైక్ గార్డ్ కాపాడలేకపోవడమే కాదు, తనే నిప్పుకి కారణం కావచ్చు.

న్యూట్రల్ ఎందుకు వదులవుతుంది? చాలామటుకు స్క్రూలే కారణం. లోడు ఎక్కువైనప్పుడు జాయింటు వేడెక్కి వ్యాకోచిస్తుంది, తగ్గినప్పుడు ముడుచుకుంటుంది. ఏళ్లు గడిచేసరికి పట్టు సడలుతుంది. అల్యూమినియం తీగ అయితే ఇంకా త్వరగా. దాని ఉపరితలం మీద గాలి తగలగానే ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, ఆ పొర కరెంటుని అడ్డుకుంటుంది, అడ్డుకున్న చోట వేడి పుడుతుంది. రాగి, అల్యూమినియం తీగల్ని నేరుగా మెలిపెట్టి కలిపిన చోట తేమ చేరితే తుప్పు కూడా తోడవుతుంది. అందుకే ఆ రెంటినీ కలపడానికి ప్రత్యేకమైన లగ్గులు, కనెక్టర్లు వాడాలి. టేపు చుట్టి వదిలేసిన జాయింటు ఎక్కడైనా కనిపిస్తే దాన్ని నేను పని పూర్తికానట్టుగానే లెక్కేస్తాను.

ఇది చెప్పకుండా రాదు. ముందు సూచనలిస్తుంది. పెద్ద మోటారు వేసినప్పుడు లైట్లు క్షణకాలం కాస్త తగ్గడం మామూలే. కానీ ఏదో ఒక పెద్ద లోడు వేసినప్పుడు కొన్ని లైట్లు ఇంకా ప్రకాశంగా వెలిగితే అది న్యూట్రల్ పెట్టే కేక. రెండు మూడు ఫేజులున్న ఇంట్లో ఇది తేలిగ్గా కనిపిస్తుంది. ఒకే ఫేజు ఉన్న ఇంట్లో అయితే, మీరు ఏ స్విచ్చూ వెయ్యకుండానే లైట్ల వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఎందుకంటే పక్కింటి లోడు మీ వోల్టేజిని కదిలిస్తోంది. ఇంకో సూచన ఉంది. ఇల్లంతా కరెంటు పోయి, టెస్టర్ పెడితే మాత్రం ప్లగ్గు సాకెట్టులో ఫేజు, న్యూట్రల్ రంధ్రాలు రెండిట్లోనూ వెలుగుతుంది. మీ ఇంటి వరకే న్యూట్రల్ తెగిందని దానర్థం. చూడటానికి కరెంటు లేనట్టే ఉంటుంది, ముట్టుకుంటే షాకు కొడుతుంది. ఈ సూచనల్లో ఏది కనిపించినా మెయిన్ ఆఫ్ చేసి ఎలక్ట్రీషియన్‌ని, విద్యుత్ సరఫరా వాళ్లని పిలవాలి. ‘కాసేపాగితే అదే సర్దుకుంటుంది’ అని కూర్చోవడానికి ఇది చోటు కాదు.

దీనికి పెట్టె లేకపోలేదు. కాకపోతే అది టీవీ పక్కన కాదు, మెయిన్ బోర్డులో ఉండాలి. ఓవర్ అండర్ వోల్టేజి రిలే అంటారు. అది వోల్టేజిని అదేపనిగా కొలుస్తూ, పెట్టిన హద్దు దాటగానే ఇల్లంతటికీ సరఫరా కట్ చేస్తుంది, సరైన స్థాయికి వచ్చాక కొంత సమయం ఆగి మళ్లీ ఇస్తుంది. ఐరోపాలో ఈ తరహా పరికరాలకి విడిగా ప్రమాణమే ఉంది. 230 వోల్టుల సరఫరాకి 10 శాతం అటూ ఇటూ, అంటే 207 నుంచి 253 వరకు, మామూలు హద్దుగా తీసుకుంటారు. ఆ పైన కొంచెం వెసులుబాటు ఇచ్చి పై హద్దు పెట్టుకుంటే చాలు. ఇంటికి ఒకే ఒక్క రక్షణ పరికరం పెట్టుకోగలిగే పరిస్థితి ఉంటే నేను దీన్నే ఎంచుకుంటాను. టీవీ, ఫ్రిజ్, ఏసీ, రూటర్, బల్బులు అన్నీ ఒకేసారి దీని నీడలోకి వస్తాయి.

ఇప్పుడు అసలైన సర్జ్. పిడుగు దగ్గరలో పడితే తీగల్లో పుట్టే దెబ్బ, సరఫరా లైన్ల మీద పెద్ద స్విచ్చులు పడి లేచినప్పుడు వచ్చే దెబ్బ, మన ఇంట్లోనే మోటార్లు ఆగినప్పుడు పుట్టే చిన్న చిన్న దెబ్బలు. 230 వోల్టుల ఇళ్లలో వాడే సామాన్లు సాధారణంగా 2500 వోల్టుల క్షణిక దెబ్బని, గోడలో స్థిరంగా బిగించే సామగ్రి 4000 వోల్టుల్ని, మీటరు దగ్గరి సామగ్రి 6000 వోల్టుల్ని తట్టుకోవాలని అంతర్జాతీయ ప్రమాణాలు చెబుతాయి. ఈ మెట్లు చూస్తేనే ఆలోచన తెలుస్తుంది: దెబ్బని గుమ్మం దగ్గరే తగ్గించి, లోపలికి వచ్చేకొద్దీ ఇంకా తగ్గించాలి. మెయిన్ బోర్డులో టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్, సున్నితమైన వస్తువు దగ్గర టైప్ 3. మనం వాడే స్పైక్ గార్డ్ ఈ టైప్ 3 కోవలోదే. గుమ్మం దగ్గర ఎవరినీ పెట్టకుండా, పడగ్గదిలో కాపలా పెట్టినట్టుంటుంది మన వ్యవహారం.

మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ ఉంటే చాలదు, దాన్ని ఎలా బిగించారన్నది ముఖ్యం. దానికి వచ్చిపోయే తీగల మొత్తం పొడవు అర మీటరు దాటకూడదని నియమం. తీగకి ఇండక్టెన్స్, అంటే కరెంటు హఠాత్తుగా మారడాన్ని ఎదిరించే గుణం ఉంటుంది, మీటరుకి ఒక మైక్రోహెన్రీ చొప్పున అనుకోవచ్చు. సెకనులో లక్షో వంతులో 10,000 ఆంపియర్లు దూసుకెళ్తే ఆ ఒక్క మీటరు తీగలోనే 1000 వోల్టులు పుడతాయి. ప్రొటెక్టర్ ఎంత గొప్పదైనా, తీగలు అందంగా చుట్టి తిప్పి పెడితే ఆ వోల్టులన్నీ వచ్చి మీ టీవీ మీదే పడతాయి. పనితనం ఉన్న ఎలక్ట్రీషియన్ తీగని పొట్టిగా, తిన్నగా లాగుతాడు. అది అందంగా కనపడకపోవచ్చు.

ఎర్తింగ్ లేకపోతే ఈ మాటలన్నీ సగం వృథా. సర్జ్ ప్రొటెక్టర్ కరెంటుని మళ్లించేది చాలామటుకు ఎర్త్‌లోకే. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్‌లో గుచ్చామంటే, ఆ దారి మూసేశామన్నమాట. లైటు మాత్రం పచ్చగానే వెలుగుతుంది.

ఎర్తింగ్ గురించి ఒక అపోహ బాగా పాతుకుపోయింది, దాని గురించి చెప్పకుండా వదిలెయ్యడం నాకు ఇష్టం లేదు. కంప్యూటర్‌కో ఇంకే ఖరీదైన యంత్రానికో ‘ప్రత్యేక ఎర్త్’ కావాలని ఇంకో చోట విడిగా కడ్డీ పాతిస్తారు. ఆ కడ్డీని ఇంటి మెయిన్ ఎర్త్‌తో కలపరు. దగ్గరలో పిడుగు పడినప్పుడు నేలలో ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య వేల వోల్టుల తేడా రావచ్చు. ఆ రెండు కడ్డీలకీ మధ్య వంతెనలా నిలబడేది ఆ ఖరీదైన యంత్రమే. కరెంటు తీగ ఎర్త్, టీవీ కేబుల్ ఎర్త్, ఇంటర్నెట్ కేబుల్ ఎర్త్, డాబా మీది యాంటెనా ఎర్త్, అన్నీ ఒకే ఎర్త్ బార్‌కి చేరాలి. రూటర్లు, టీవీ బాక్సులు ఎక్కువగా పోవడానికి కారణం ఇదే: వాటికి కరెంటు ఒక దారిలో, కేబుల్ ఇంకో దారిలో వస్తాయి, రెండు దారుల మధ్య తేడా వాటి లోపల తీరుతుంది. అడాప్టర్‌కి స్పైక్ గార్డ్ పెట్టి, కేబుల్‌ని వదిలేస్తే ఒక తలుపు వేసి రెండోది బార్లా తెరిచినట్టే. ఫైబర్ కేబుల్‌తో ఈ భయం చాలావరకు ఉండదు, గాజు కరెంటుని మోయదు కాబట్టి. డాబా మీద పిడుగు కడ్డీ ఉంది కదా అని కూడా అంటారు. కడ్డీ కట్టడాన్ని కాపాడుతుంది, నిప్పు అంటుకోకుండా చూస్తుంది. లోపలి తీగల్లో పుట్టే దెబ్బతో దానికి సంబంధం లేదు.

ఎంఓవీ బిళ్ల గురించి ఇంకొక్క మాట. ప్రతి దెబ్బకీ అది కొంచెం కొంచెం అరిగిపోతుంది. చివరికి ఒక రోజు ఫ్యూజు తెగి పక్కకి తప్పుకుంటుంది. చాలా స్పైక్ గార్డ్‌లలో ఆ తరవాత కూడా సాకెట్లకి కరెంటు యథావిధిగా వస్తూనే ఉంటుంది. అప్పటినుంచి అది ఉత్త ఎక్స్‌టెన్షన్ బాక్సు. ‘ప్రొటెక్టెడ్’ అని విడిగా లైటు ఉన్నదే కొనండి, ఆ లైటు ఆరితే బాక్సు మార్చండి. స్విచ్‌లో వెలిగే ఎర్ర లైటు కరెంటు ఉందని మాత్రమే చెబుతుంది, రక్షణ ఉందని చెప్పదు.

కరెంటు పోయినప్పుడు వస్తువుకి పెద్దగా ఏమీ కాదు. అది తిరిగొచ్చే తీరు చూడాలి. లైను మీద కొమ్మ తగిలితే రీక్లోజర్ అనే పరికరం సరఫరా ఆపి, కొన్ని సెకన్లలో మళ్లీ ఇచ్చి చూస్తుంది, తప్పు ఇంకా ఉంటే మళ్లీ ఆపుతుంది. ‘వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది’ అని మనం అనుకునేది చాలాసార్లు ఇదే. చాలాసేపు పోయి వస్తే ఇంకో సమస్య. ఆ లైను మీదున్న ఫ్రిజ్‌లు, ఏసీలు, మోటార్లు అన్నీ ఒకేసారి లేస్తాయి. మామూలుగా అవి వంతులవారీగా నడుస్తాయి, ఇప్పుడు అన్నిటికీ ఒకేసారి ఆకలి. వోల్టేజి కుంగుతుంది, తరవాత ఊగుతుంది.

ఈ కుంగిన వోల్టేజి మోటార్లకి శత్రువు. ఇండక్షన్ మోటారు తిప్పే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజి 80 శాతానికి పడితే బలం 64 శాతానికి, 70కి పడితే 49కి దిగిపోతుంది. పైగా ఫ్రిజ్ కంప్రెసర్‌కి ఇంకో కష్టముంది. ఆగిన వెంటనే లోపల ఒక వైపు గ్యాసు ఒత్తిడి ఎక్కువగా, రెండో వైపు తక్కువగా ఉంటుంది. సన్నటి కేపిలరీ గొట్టం గుండా ఆ రెండూ సమానం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈలోపే కరెంటు వస్తే మోటారు ఆ ఒత్తిడిని తోయలేక తిరగకుండా నిలబడి, మామూలుకన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఫ్రిజ్ వెనక ‘టిక్’ మని వినిపించి, ఒక ‘ఊఁ’ అన్న మూలుగు తరవాత మళ్లీ ‘టిక్’ మంటే, ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ దాన్ని పదేపదే కాపాడుతోందని అర్థం. ఎక్కువ కాలం అలా కాపాడటం దానివల్ల కాదు. మోటారు తీగచుట్ట మీది ఇన్సులేషన్ వేడికి ముదిరిపోతుంది, ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఇంజనీర్లు వాడే లెక్క.

అందుకే కరెంటు పోగానే ఫ్రిజ్, ఏసీ, టీవీ స్విచ్చులు ఆపేసి, ఒక్క లైటు మాత్రం వేసి ఉంచమంటాను. లైటు వెలిగాక మూడు నుంచి అయిదు నిమిషాలు నిలకడగా వెలగనిచ్చి, ఒక్కొక్కటిగా వెయ్యండి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కరెంటు పోవడం కూడా ఉంటుంది కాబట్టి, ఆలస్యంగా ఇచ్చే టైమర్ ఉన్న రక్షణ పరికరం ఫ్రిజ్‌కి పెట్టడం న్యాయం. కొత్త ఫ్రిజ్‌లు, ఏసీలు చాలావాటిలో ఈ ఆలస్యం లోపలే ఉంటుంది, మాన్యువల్ చూడండి. ఇన్వర్టర్ కంప్రెసర్లు మెల్లగా లేస్తాయి కాబట్టి ఈ తోపులాట బాధ తక్కువ. వాటిలో బలహీనమైనది మోటారు కాదు, దాన్ని నడిపే బోర్డు.

స్టెబిలైజర్ గురించి నా మాట ఇంతే: వోల్టేజి రోజూ గంటల తరబడి హెచ్చుతగ్గులయ్యే చోట, పాతకాలపు కంప్రెసర్‌కి అది అవసరం. సర్జ్‌ని ఆపడం దాని పని కాదు, లోపల రిలేలు కదిలేలోపే సర్జ్ వెళ్లిపోతుంది. వస్తువు వెనక లేబుల్ చదవండి. 100–240 వోల్టులు అని రాసి ఉంటే దానికి స్టెబిలైజర్‌తో పనిలేదు. యూపీఎస్ కంప్యూటర్‌కీ రూటర్‌కీ మంచిదే. కంప్యూటర్ పవర్ సప్లైలు సాధారణంగా సుమారు 16 మిల్లీసెకన్ల ఖాళీని తట్టుకునేలా తయారవుతాయి, యూపీఎస్ బ్యాటరీకి మారడానికి 10 లోపే పడుతుంది. లేజర్ ప్రింటర్, మోటార్లు దానికి తగిలించకండి. దాని బ్యాటరీకి వేడి పడదు, 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీలకీ ఆయుష్షు సగమవుతుంది.

పిడుగుల విషయంలో మాత్రం ఏ పరికరాన్నీ నమ్మకండి. పిడుగులో కరెంటు 30,000 ఆంపియర్ల స్థాయిలో ఉంటుంది. స్విచ్ ఆపితే సరిపోదు. స్విచ్ లోపలి ఖాళీ కొద్ది మిల్లీమీటర్లే, గాలిలో మిల్లీమీటరుకి 3000 వోల్టులు చాలు నిప్పు దూకడానికి. ప్లగ్గు పీకేయాలి, కేబుల్ కూడా పీకేయాలి. అది కూడా మబ్బు పట్టగానే, పిడుగులు పడుతుండగా కాదు. నెత్తి మీద ఉరుముతున్నప్పుడు ప్లగ్గుల జోలికి వెళ్లకండి, మనిషికన్నా టీవీ ఎక్కువ కాదు.

జనరేటర్ ఉన్నవాళ్లకి ఒక విన్నపం. ఛేంజ్ ఓవర్ స్విచ్ (ఇంటిని లైనుకో జనరేటర్‌కో, ఏదో ఒకదానికే కలిపే స్విచ్) లేకుండా సాకెట్టులోకి తీగ గుచ్చి ఇంటికి కరెంటు ఇవ్వకండి. ఆ కరెంటు వెనక్కి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరగబడి వేల వోల్టులై, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌ని చంపగలదు.

ఇదంతా ఇంటివాళ్లే చూసుకోవాలని వదిలెయ్యడం కూడా నాకు నచ్చదు. ఇల్లు కట్టేటప్పుడు మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్, వోల్టేజి రిలే పెట్టడం చిన్న పని. కట్టాక ఒక్కో వస్తువుకీ ఒక్కో పెట్టె కొనడం పెద్ద పని, అసంపూర్ణమైన పని. అమెరికాలో జాతీయ ఎలక్ట్రికల్ కోడ్ 2020 కూర్పు నివాసాల సర్వీసుకి సర్జ్ ప్రొటెక్టర్‌ని తప్పనిసరి చేసింది. ఏ దేశంలోనైనా కోడ్ మారేదాకా ఆగక్కర్లేదు, కట్టేవాళ్లని అడగవచ్చు. అద్దెకున్నవాళ్లు కూడా ఇంట్లో దిగే ముందు ఎర్త్ రెసిస్టెన్స్ ఎప్పుడు కొలిచారు, మెయిన్ ప్యానెల్‌లో న్యూట్రల్ బోల్టులు ఎప్పుడు బిగించారు అని అడగొచ్చు. అపార్టుమెంటు సంఘాలు ఏటా లిఫ్టుకి సర్వీసు చేయిస్తాయి, నీళ్ల ట్యాంకు కడిగిస్తాయి. అదే పట్టీలో మెయిన్ ప్యానెల్ తనిఖీని కూడా చేర్చి, అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌తో సరఫరా ఆపించి, ప్రతి న్యూట్రల్ జాయింటునీ టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగించామో చూపే రెంచి) బిగించి, తేదీ రాసి తలుపు లోపల అంటించమని వచ్చే సమావేశంలో అడగండి.